నైట్రస్ కిట్టులో అసలు లెక్క పెట్రోలుది

కారు ఇంజిన్‌కు కాసేపు అదనపు పవర్ కోసం బిగించే నైట్రస్ కిట్టులో ఉండే నైట్రస్ ఆక్సైడ్ మండే గ్యాసు కాదు. ముందుగా ఈ మాట తేల్చుకోవాలి. ఎందుకంటే నెల్లూరు, ఒంగోలు వైపు ‘గ్యాస్ కిట్టు’ అనగానే అందరికీ ఎల్‌పీజీయో సీఎన్‌జీయో గుర్తొస్తుంది. అవి ఇంధనాలు. పెట్రోలు బదులు అవే మండి బండిని నడిపిస్తాయి. నైట్రస్ ఇంధనం కాదు. అది ఆక్సిజన్‌ను మోసుకొచ్చి ఇంజిన్ సిలిండర్‌లో వదులుతుంది, అంతవరకే దాని పని. ఆ ఆక్సిజన్‌కు సరిపడా పెట్రోలు అదే క్షణంలో అందితేనే పవర్ పుడుతుంది.

“ఏందినా, బాటిల్ బిగించి స్విచ్ నొక్కితే పికప్ అదే వస్తుంది గదా?” అని ఆటోనగర్ షెడ్ల దగ్గర కుర్రాళ్లు అడుగుతుంటారు. అడగడంలో తప్పు లేదు. వీడియోల్లో కనిపించేది బాటిలూ స్విచ్చే. పెట్రోలు పంపు, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు, ఎంత పారాలో నిర్ణయించే సన్నటి రంధ్రమున్న ఫ్యూయల్ జెట్టు కనిపించవు. నన్నడిగితే నైట్రస్ వైపు పెట్టే శ్రద్ధకు రెట్టింపు పెట్రోలు వైపు పెట్టాలి. ఇంజిన్లు పోయేది అక్కడే. పైగా కిట్టుతో పాటు వచ్చే పుస్తకం మన రోహిణి కార్తె ఎండను, మన బంకుల్లోని ఈ20 (ఇథనాల్ కలిపిన) పెట్రోలును లెక్కలోకి తీసుకుని రాసింది కాదు. ఆ రెండూ లెక్కను ఎలా మారుస్తాయో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

మనం పీల్చే గాలిలో బరువు ప్రకారం ఆక్సిజన్ సుమారు 23 శాతం. నైట్రస్ ఆక్సైడ్‌లో అది 36 శాతం. సిలిండర్ లోపలి వేడికి నైట్రస్ అణువు విడిపోవడం మొదలవుతుంది, లోపలున్న ఆక్సిజన్ బయటికొస్తుంది. ఇంకో లాభం కూడా ఉంది. బాటిల్లో ద్రవంగా ఉన్న నైట్రస్ బయటి ఒత్తిడికి రాగానే మైనస్ 88 డిగ్రీల దగ్గర మరుగుతుంది, ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటుంది. దాంతో ఇంజిన్‌లోకి పోయే గాలి చల్లబడి చిక్కబడుతుంది. అంటే అదే సిలిండర్‌లో ఇంకాస్త గాలి పడుతుంది. దానికీ పెట్రోలు కావాలి.

పెట్రోలు చాలకపోతే ఏమవుతుంది? కొలిమి దగ్గర పనిచేసినవాళ్లకు ఇది బాగా తెలుసు. బొగ్గు తక్కువై తిత్తి గాలి ఎక్కువైతే నిప్పు చల్లారదు, అందులో పెట్టిన ఇనుమే చిటపటలాడుతూ కాలిపోతుంది. ఇంజిన్‌లో ఆ ఇనుము స్థానంలో ఉండేది పిస్టన్. శుద్ధ అల్యూమినియం 660 డిగ్రీలకు కరుగుతుంది, పిస్టన్లలో వాడే మిశ్రమం ఇంకాస్త ముందే. సిలిండర్‌లో మంట 2,000 డిగ్రీలు దాటుతుంది. మామూలుగా పిస్టన్ బతికి ఉండేది మంట దానికి మరీ దగ్గరగా రాకుండా పలచటి గ్యాసు పొర అడ్డుగా ఉండటం వల్ల. లీన్ మిశ్రమం (పెట్రోలు తక్కువైన మిశ్రమం) వల్ల నాకింగ్, అంటే మిశ్రమం అదుపు తప్పి పేలినట్టు మండటం, మొదలైతే ఆ దెబ్బల ధాటికి పొర చెదిరిపోతుంది. ఆ తరువాత సెకన్ల పనే.

అలా పోయిన పిస్టన్‌ను ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. పైతలం మీద ఇసుక విసిరికొట్టినట్టు సన్నటి గుంటలు. ఎగ్జాస్ట్ వాల్వు వైపు అంచు మెత్తబడి జారినట్టు ఉంటుంది. మొదటి రింగుకూ రెండో రింగుకూ మధ్య ఉండే గట్టు ఒకచోట విరిగి, వేలు పెడితే గుచ్చుకుంటుంది. విరిగిన ముక్క సిలిండర్ లోపలి గోడను (బోరును) నిలువునా గీసేసి ఉంటుంది. ఇక బోరు తొలిపించుకోవడమో, స్లీవులు వేయించుకోవడమో. ఇదంతా ఒక్క ఫుల్ థ్రాటిల్‌లో అయిపోవచ్చు. మామూలు ఇంజిన్ లీన్ అయితే బండి గుంజదు, డ్రైవరుకు తెలిసిపోతుంది. నైట్రస్ మీద లీన్ అయితే పగిలేదాకా బండి బ్రహ్మాండంగా లాగుతున్నట్టే ఉంటుంది. పెట్రోలు ఎక్కువైతే మాత్రం నల్లపొగ వస్తుంది, పవర్ తగ్గుతుంది, ప్లగ్గులు మసిబారుతాయి, అన్నీ దిద్దుకోదగ్గవే. అందుకే మొదటి సెట్టింగ్ ఎప్పుడూ రిచ్ వైపే, అంటే పెట్రోలు ఎక్కువ వైపే, ఉండాలి.

ఎంత పెట్రోలు కావాలి?

కిలో పెట్రోలు పూర్తిగా మండటానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. నైట్రస్ అయితే 9.6 కిలోలు చాలు. ఇవి రసాయన లెక్కలు. నడిచే ఇంజిన్‌కు ఫుల్ థ్రాటిల్‌లో ఇంతకంటే పెట్రోలు ఎక్కువే ఇస్తారు, నైట్రస్ తోడైతే మరికాస్త ఎక్కువ ఇస్తారు. ట్యూనర్లు ల్యాంబ్డా (లెక్క ప్రకారం కావలసిన గాలిలో ఎంత వంతు అందుతోందన్న అంకె) 0.8 చుట్టుపక్కల పెట్టుకునేది అందుకే. కిలో పెట్రోలుకు ఇన్ని కిలోల గాలి అనే స్కేలులో అది 11.8 అవుతుంది.

మన రోడ్ల మీద ఎక్కువగా కనిపించే 1.2 లీటర్ల, నాలుగు సిలిండర్ల పెట్రోలు కారును తీసుకుందాం. 80 హార్స్‌పవర్ అనుకుందాం. ఒక హార్స్‌పవర్‌ను గంటసేపు ఇవ్వడానికి సుమారు 230 గ్రాముల పెట్రోలు పడుతుందన్నది ట్యూనర్లు వాడే మోటు లెక్క. ఆ ప్రకారం ఫుల్ థ్రాటిల్‌లో గంటకు 18.4 కిలోలు, అంటే సుమారు 25 లీటర్లు. నిమిషానికి 415 సీసీ. నాలుగు ఇంజెక్టర్లు పంచుకుంటే ఒక్కోదానికి 104 సీసీ.

ఇప్పుడు 25 హార్స్‌పవర్ నైట్రస్ షాట్, అంటే నైట్రస్‌తో అంత అదనపు పవర్, పెడదాం. నైట్రస్ భాగానికి కాస్త ధారాళంగా హార్స్‌పవర్‌కు 270 గ్రాములు వేసుకుంటే నిమిషానికి ఇంకో 152 సీసీ కావాలి. ఇంజెక్టర్‌కు 38 సీసీ అదనం. మొత్తం 142.

కారుతో వచ్చిన ఇంజెక్టర్ 3 బార్ ప్రెషర్ దగ్గర, పూర్తిగా తెరిచి ఉంచితే, నిమిషానికి 150 సీసీ ఇస్తుందనుకోండి. నైట్రస్ లేనప్పుడు అది 69 శాతం సమయం తెరిచి ఉంటే చాలు. నైట్రస్ వచ్చాక 95 శాతం. ఇక్కడే ఇబ్బంది. 6,000 ఆర్‌పీఎం దగ్గర ఒక్కో సైకిల్‌కు దొరికేది 20 మిల్లీసెకన్లు. ఇంజెక్టర్ తెరుచుకోవడానికీ మూసుకోవడానికీ కొంత సమయం పోతుంది కాబట్టి 85 శాతం దాటితే అది చెప్పినట్టు వినదు. మూసుకోకుండానే మళ్లీ తెరుచుకోమంటే ఎంత పెట్రోలు పడిందో దానికే తెలియదు. అంటే ఈ ఊహా ఇంజిన్‌కు చిన్నదనుకున్న 25 హార్స్‌పవర్ కూడా ఉన్న ఇంజెక్టర్లతో కుదరదు. మీ కారు ఇంజెక్టర్ల సైజు తెలుసుకుని ఈ లెక్క కాగితం మీద వేసుకోండి. కిట్టు కొనేముందు చేయాల్సిన పని ఇదొక్కటే అన్నా నేను ఒప్పుకుంటాను.

ఇంజెక్టర్ల వెనక పంపు ఉంది. ట్యాంకులో మునిగి ఉండే ఆ పంపు ఇచ్చే పరిమాణం ప్రెషర్ పెరిగేకొద్దీ తగ్గుతుంది. వయసైన పంపు, మురికి పట్టిన ఫిల్టరు, సన్నబడిన వైరింగు, వీక్ బ్యాటరీ, వీటిలో ఏ ఒక్కటున్నా ఇంకా తగ్గుతుంది. రోజూ ఊళ్లో తిరిగే కారులో ఈ లోపం బయటపడదు, ఎందుకంటే ఫుల్ థ్రాటిల్ ఎవరూ తొక్కరు. నైట్రస్ పెట్టిన రోజు బయటపడుతుంది.

డ్రై, వెట్

అదనపు పెట్రోలు ఇవ్వడానికి స్థూలంగా రెండు దారులున్నాయి. నైట్రస్‌ను మాత్రమే గాలి గొట్టంలోకి కొట్టి, పెట్రోలును కారు ఇంజెక్టర్ల ద్వారానే పెంచితే డ్రై సిస్టమ్. నైట్రస్‌నూ పెట్రోలునూ వేర్వేరు సోలనాయిడ్ల (కరెంటుతో తెరుచుకునే వాల్వుల) గుండా తెచ్చి ఒకే నాజిల్ దగ్గర కలిపి కొడితే వెట్ సిస్టమ్.

డ్రైలో పాతకాలపు పద్ధతి ఫ్యూయల్ ప్రెషర్ పెంచడం. వినడానికి తేలిగ్గా ఉంటుంది. కానీ ఇంజెక్టర్ నుంచి వచ్చే పరిమాణం ప్రెషర్‌తో సమానంగా పెరగదు, దాని వర్గమూలంతో పెరుగుతుంది. ప్రెషర్ నాలుగింతలు చేస్తే పెట్రోలు రెండింతలే. మన ఉదాహరణలో ఇంజెక్టర్ తెరిచి ఉండే సమయం మార్చకుండా 104ను 142 చేయాలంటే ప్రెషర్ 3 బార్ నుంచి 5.6 బార్‌కు పోవాలి. అదే 50 హార్స్‌పవర్ షాట్ అయితే 9 బార్! ఏ మామూలు కారు పంపూ అక్కడ నిలబడదు. పైగా ఇప్పటి కార్లలో చాలావాటికి రిటర్న్ లైను లేదు. ప్రెషర్ రెగ్యులేటర్ ట్యాంకులో, పంపుతో కలిసే ఉంటుంది. బయటి నుంచి దాన్ని పెంచే వీలు ఉండదు.

ఇందులో ఇంకో చిక్కు ఉంది, దీన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. నైట్రస్ జెట్టు గుండా వచ్చే గ్యాసు సెకనుకు ఇంత అని వస్తుంది. ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోందన్న దానితో దానికి సంబంధం లేదు. 6,000 దగ్గర ఒక్కో సైకిల్‌కు ఒక వంతు నైట్రస్ పడితే, 3,000 దగ్గర రెండు వంతులు పడుతుంది. కారు ఇంజెక్టర్లు అలా కాదు, ఆర్‌పీఎం సగానికి పడితే నిమిషానికి ఇచ్చే పెట్రోలూ దాదాపు సగమవుతుంది. ప్రెషర్ పెంచే పద్ధతిలో 6,000 దగ్గర ఇంజెక్టర్‌కు 38 సీసీ అదనం వస్తే, 3,000 దగ్గర వచ్చేది 19. నైట్రస్ మాత్రం తగ్గలేదు. అంటే పై ఆర్‌పీఎంలో సరిగ్గా ఉన్న సెట్టింగే కింద లీన్ అవుతుంది. ఈసీయూలో (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్‌లో) మ్యాప్ రాసి ఇంజెక్టర్ సమయం పెంచే డ్రై పద్ధతికీ ఇదే వర్తిస్తుంది. అదనంగా ఇచ్చే మిల్లీసెకన్లు ఆర్‌పీఎం తగ్గేకొద్దీ పెరగాలి. అన్నిచోట్లా ఒకే అంకె వేసే ట్యూనర్‌కు బండి అప్పగించవద్దు.

కారు తనంతట తాను సర్దుకుంటుందా అంటే, చాలా చిన్న కార్లలో సర్దుకోదు. వాటిలో గాలిని నేరుగా తూచే సెన్సర్ ఉండదు. మ్యానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే గొట్టాలు) లోపలి ఒత్తిడి, ఉష్ణోగ్రత చూసి ఈసీయూ గాలి ఎంతో లెక్క కడుతుంది. నైట్రస్ వచ్చినా ఒత్తిడి పెద్దగా మారదు, కాబట్టి అదనపు ఆక్సిజన్ వచ్చిందన్న సంగతి దానికి తెలియదు. సైలెన్సర్ గొట్టంలోని మామూలు ఆక్సిజన్ సెన్సర్ రిచ్చా, లీనా అని మాత్రం చెబుతుంది, 11.8 ఉందా 12.8 ఉందా అన్నది చెప్పలేదు. ఫుల్ థ్రాటిల్‌లో ఈసీయూ దాని మాట వినదు కూడా. ఆ అంకెను చెప్పగలిగే వైడ్‌బ్యాండ్ సెన్సర్, గేజీ లేకుండా నైట్రస్ జోలికి పోకూడదు.

వెట్ సిస్టమ్‌లో పైన చెప్పిన ఆర్‌పీఎం చిక్కు లేదు. నైట్రస్ సెకనుకు ఇంత, పెట్రోలూ సెకనుకు ఇంత. నిష్పత్తి చెదరదు. కారు ఇంజెక్టర్ల మీద భారం పడదు. అందుకే మొదటిసారి పెట్టుకునేవాళ్లకు ఇదే మేలని నా అభిప్రాయం. కానీ దీనికీ దీని తలనొప్పులున్నాయి. ఇంజెక్షన్ కార్ల మ్యానిఫోల్డును గాలి కోసమే గీశారు, అందులో తడి పెట్రోలు ప్రయాణించాలని ఎవరూ అనుకోలేదు. వంపుల దగ్గర గ్యాసు తిరుగుతుంది, బరువైన పెట్రోలు బొట్లు తిరగలేక గోడకు కొట్టుకుని కిందకి జారుతాయి. ఒక సిలిండర్‌కు నైట్రస్ ఎక్కువ, పెట్రోలు తక్కువ చేరవచ్చు. నాలుగూ కలిసి సైలెన్సర్‌లోకి వచ్చాక వైడ్‌బ్యాండ్ సగటు చూపిస్తుంది, అది బాగానే ఉంటుంది. అడుగున మడుగు కట్టిన పెట్రోలుకు మంట వెనక్కి తన్నితే ప్లాస్టిక్ మ్యానిఫోల్డ్ ముక్కలవుతుంది. నాజిల్‌ను థ్రాటిల్ బాడీకి వీలైనంత దగ్గరగా పెట్టాలి, ఆర్‌పీఎం తక్కువున్నప్పుడు స్ప్రే కాకుండా చూడాలి. పెద్ద షాట్లకు ఒక్కో సిలిండర్‌కూ ఒక్కో నాజిల్ పెట్టే పద్ధతి ఉంది. 1.2 లీటర్ల ఇంజిన్‌కు అంత షాట్ అవసరమే లేదు.

వెట్ సిస్టమ్‌లో పెట్రోలు ఎంత వస్తుందో ఊహించుకోనక్కర్లేదు, కొలవవచ్చు. ఇంజిన్ ఆపి, నైట్రస్ బాటిల్ కట్టేసి, నాజిల్‌కు పోయే పెట్రోలు పైపు విప్పి ఫ్యూయల్ జెట్టుతో సహా కొలత సీసాలోకి పెట్టండి. పంపు ఆన్ చేసి ఫ్యూయల్ సోలనాయిడ్‌ను 15 సెకన్లు తెరవండి. నిమిషానికి 152 సీసీ కావాలంటే సీసాలో 38 సీసీ పడాలి. ఆ 15 సెకన్లూ గేజీ మీద చూపు ఉండాలి. పెట్రోలు పారకుండా ఉన్నప్పుడు 3 బార్ చూపించి, పారడం మొదలుకాగానే 2.4కు పడిపోతే జెట్టు మార్చి లాభం లేదు, లోపం పంపులోనో ఫిల్టర్‌లోనో ఉంది. ఆరుబయట, సిగరెట్లకూ వెల్డింగుకూ దూరంగా, పక్కన మంటలార్పే సిలిండర్ పెట్టుకుని చేయాల్సిన పరీక్ష ఇది.

36.4 డిగ్రీలు

నైట్రస్ కిట్టులోని జెట్ల పట్టిక ఒక షరతు మీద ఆధారపడి ఉంటుంది. బాటిల్లో ప్రెషర్ 900 నుంచి 950 పీఎస్‌ఐ ఉండాలి. అది సుమారు 30 డిగ్రీల దగ్గర వస్తుంది. 20 డిగ్రీల దగ్గర ప్రెషర్ 735 చుట్టుపక్కలే ఉంటుంది, అందుకే చలి దేశాల్లో బాటిల్ హీటర్లు అమ్ముతారు. ఆ హీటర్‌తో సహా కిట్టు మన ఊరికి వస్తుంది. ఇక్కడ దాన్ని డబ్బాలోంచి బయటికి తీయనవసరం లేదు.

నైట్రస్‌కు ఒక హద్దుంది: 36.4 డిగ్రీలు. ఆ వేడి దాటితే ఎంత నొక్కినా అది ద్రవంగా ఉండదు. ఆ హద్దు దగ్గర ప్రెషర్ సుమారు 1,050 పీఎస్‌ఐ. నెల్లూరులో మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటడం మామూలు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని ఊరికే అనలేదు. ఎండలో నిలిపిన కారు డిక్కీలో అంతకంటే ఎంతో ఎక్కువ వేడి ఉంటుంది. అంటే వేసవి పగలంతా మన బాటిల్లో ద్రవమే ఉండదు.

దీనివల్ల లెక్క రెండు విధాలుగా చెడుతుంది. 30 నుంచి 36 దాకా ప్రెషర్ పెరుగుతూ పోతుంది. నైట్రస్ వెనక తోపుడు పెరిగినా పెట్రోలు వెనక ఉన్న 3 బార్ అలాగే ఉంటుంది, మిశ్రమం లీన్ వైపు ఒరిగే ప్రమాదం వస్తుంది. 36.4 దాటాక ఇంకో కథ. బాటిల్ అడుగు దాకా దిగి ద్రవాన్ని పైకి పంపే గొట్టానికి అర్థం పోతుంది, ఎందుకంటే అడుగున ద్రవం, పైన ఆవిరి అన్న విభజనే లేదు. ప్రెషర్ ఎంతన్నది అప్పుడు బాటిల్ ఎంత నిండి ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. నిండు బాటిల్‌లో అది వేగంగా ఎగబాకుతుంది, సగం బాటిల్‌లో అంతగా పెరగదు. చిక్కదనం కొద్ది డిగ్రీల తేడాకే బాగా మారిపోతుంది. జెట్ల పట్టిక ఇక్కడ పనికిరాదు. గేజీ 950 చూపించిందని మోసపోవద్దు. 30 డిగ్రీల నిండు బాటిల్లోని 950 వేరు, 42 డిగ్రీల దగ్గర ముప్పావు వంతు ఖాళీ అయిన బాటిల్లోని 950 వేరు.

కాబట్టి మన దగ్గర ప్రెషర్ గేజీతో పాటు బాటిల్ ఒంటికి థర్మామీటర్ తప్పనిసరి. ట్యూన్ చేసిన రోజు బాటిల్ ఎన్ని డిగ్రీలుందో రాసిపెట్టుకోవాలి, వాడే రోజూ అంతే ఉండాలి. చల్లబరచడానికి ఐసు కలిపిన నీళ్ల తొట్టి అన్నిటికంటే నమ్మకమైన దారి. తడి గోనె చుట్టడం పడమటి గాలి వీచే మధ్యాహ్నం బాగానే పనిచేస్తుంది. సాయంత్రం సముద్రం వైపు నుంచి గాలి తిరిగి తేమ పెరిగాక అంతగా చేయదు. ట్యూనింగూ పరుగులూ తెల్లవారుజామున పెట్టుకుంటే సగం బాధ తప్పుతుంది.

బాటిల్ నింపేటప్పుడు కూడా ఈ ఎండే గుర్తుండాలి. రాసి ఉన్న బరువుకు మించి ఒక్క వంద గ్రాములు కూడా పట్టించకూడదు. ఎక్కువ నింపిన బాటిల్ ఎండలో వేడెక్కితే లోపల విస్తరించడానికి చోటుండదు. అప్పుడు ప్రాణం కాపాడేది వాల్వులోని సేఫ్టీ డిస్కు. అది పగిలితే వచ్చే గ్యాసు కారు బయటికి పోయేలా పైపు వేయాలి. మూసిన కారులో నైట్రస్ నిండితే డ్రైవరుకు మత్తు ఎక్కుతుంది, ఊపిరికి ఆక్సిజన్ దొరకదు. ఇక ప్రెషర్ పెంచడానికి బాటిల్‌కు మంట చూపించడం మనిషి చేయకూడని పని. అలా పేలిన బాటిల్ పక్కన ఎవరూ మిగలరు.

ఈ20 చేసే మార్పు

బంకుల్లో ఇప్పుడు మనం కొట్టించుకునే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. ఇథనాల్‌లో ఆక్సిజన్ ముందే ఉంది కాబట్టి దానికి బయటి ఆక్సిజన్ తక్కువ చాలు. ఇంకోలా చెప్పాలంటే, అదే ఆక్సిజన్‌కు ఇంధనం ఎక్కువ పోయాలి. కిలో ఈ20కి కావలసిన గాలి 13.5 కిలోలు, నైట్రస్ అయితే సుమారు 8.8 కిలోలు. శుద్ధ పెట్రోలుకు చెప్పిన 14.7, 9.6తో పోల్చి చూడండి. అంటే అదే నైట్రస్ జెట్టుకు సుమారు 8 శాతం ఎక్కువ ఇంధనం కావాలి. కొలత సీసాలో 38 సీసీ చాలదు, 41 పడాలి.

కారు ఇంజెక్టర్ల సంగతి ఈసీయూ చూసుకుంటుంది. రోజూ నడిచేటప్పుడు ఆక్సిజన్ సెన్సర్ చెప్పినదాన్ని బట్టి సవరణలు నేర్చుకుంటుంది. వెట్ కిట్టు ఫ్యూయల్ జెట్టుకు మెదడు లేదు. ఒక చిన్న ఇత్తడి బిళ్లలో ఒక రంధ్రం, అంతే. అందులోంచి పోయేది ఏ పెట్రోలైనా దానికొకటే. శుద్ధ పెట్రోలుకు వేసిన జెట్టుతో ఈ20 వాడితే, ఏ తప్పూ చేయకుండానే లీన్‌లో పడతారు. వైడ్‌బ్యాండ్ గేజీని ల్యాంబ్డాలో చదవడం అలవాటు చేసుకోండి. ఏ పెట్రోలైనా ల్యాంబ్డా 0.8 అంటే ఒకే అర్థం.

ఈ20 వల్ల ఒక మేలు లేకపోలేదు. దాని ఆక్టేన్ 95, ఆవిరయ్యేటప్పుడు వేడిని ఎక్కువ లాగుతుంది. నాకింగ్‌ను కాస్త ఆపుతుంది. దాన్ని ఇంజిన్‌కు రక్షణగా వదిలేయాలే గానీ, ఆ ధైర్యంతో షాట్ పెంచకూడదు.

ఎప్పుడు తెరవాలి, ఎప్పుడు మూయాలి

నైట్రస్ సెకనుకు ఇంత అని వస్తుందని చెప్పుకున్నాం కదా. దాని ఫలితం టార్కులో చూడండి. 25 హార్స్‌పవర్ 6,000 ఆర్‌పీఎం దగ్గర సుమారు 30 న్యూటన్ మీటర్ల అదనపు టార్కు. 3,000 దగ్గర 59. 2,000 దగ్గర 89. ఇంజిన్ సొంత టార్కే 110 చుట్టుపక్కల ఉంటే, 2,000 దగ్గర స్విచ్ నొక్కినవాడు కనెక్టింగ్ రాడ్ల మీద దాదాపు రెట్టింపు భారం వేసినట్టు. రాడ్లు వంగేది అక్కడే. పెట్రోలు లెక్క ఎంత సరిగ్గా ఉన్నా దాన్ని ఆపలేదు.

అందుకే స్విచ్ చేతికి ఇవ్వకూడదు. ఆక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడే, ఆర్‌పీఎం 3,500 దాటాకే సోలనాయిడ్లు తెరుచుకునేలా విండో స్విచ్ పెట్టాలి. పైన రెవ్ లిమిటర్ (ఆర్‌పీఎం హద్దు దాటకుండా ఆపేది) 6,300 అయితే 6,000కే మూసుకోవాలి. కారు రెవ్ లిమిటర్ ఇంజెక్టర్ల పెట్రోలును ఆపేస్తుంది, నైట్రస్‌ను ఆపదు. ఆ అర క్షణంలో సిలిండర్లలో ఉండేది ఆక్సిజనే. ఫ్యూయల్ లైన్‌లో ప్రెషర్ పడిపోతే నైట్రస్ సోలనాయిడ్ కరెంటును తెంచే ప్రెషర్ స్విచ్ కూడా ఉండాలి. చౌక కిట్లలో మొదట ఎగరగొట్టేది ఈ స్విచ్చునే. అది లేని కిట్టు కొనకండి.

వెట్ నాజిల్‌కు పెట్రోలు 3 బార్‌తో వస్తుంది, నైట్రస్ 60 బార్ పైన ఒత్తిడితో దూసుకొస్తుంది. రెండూ ఒకేసారి తెరిచినా నైట్రస్ ముందు చేరుతుంది. ఫ్యూయల్ సోలనాయిడ్ నుంచి నాజిల్‌కు పైపు వీలైనంత పొట్టిగా ఉండాలి. ఇగ్నిషన్ టైమింగ్ (ప్లగ్గు నిప్పురవ్వ వేసే సమయం) కూడా వెనక్కి జరపాలి, నైట్రస్‌తో మంట వేగంగా పాకుతుంది కనుక. పెద్ద వీ8 ఇంజిన్ల మీద 50 హార్స్‌పవర్‌కు 2 డిగ్రీలన్న లెక్క వాడుకలో ఉంది. దాన్ని అలాగే తెచ్చి మన కారుకు పెట్టవద్దు. 80 హార్స్‌పవర్ కారుకు 25 అంటే, 320 హార్స్‌పవర్ వీ8కు 100 వేసినట్టు. 4 డిగ్రీలతో మొదలుపెట్టాలి. ప్లగ్గులు ఒక హీట్ రేంజ్ చల్లటివి, అంటే వేడిని త్వరగా వదిలేవి, వేయాలి.

ఇంతా చెప్పి చట్టం గురించి చెప్పకపోతే తప్పు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపానికి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 సవరణ తరువాత అలా మార్చిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. బాటిల్ 2016 నాటి గ్యాస్ సిలిండర్స్ రూల్స్ కిందికి వస్తుంది, పెసో (పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ) అనుమతి లేనిదాన్ని నింపడం, తిప్పడం నేరం. ఆసుపత్రుల నీలం సిలిండర్ల నుంచి పట్టించుకుందామనే ఆలోచన అసలు వద్దు. అది ఆపరేషన్ బల్ల మీద పడుకున్న మనిషి కోసం ఉన్నది.

పదహారో నెంబరు హైవే తిన్నగా ఉంటుంది. కొరిశపాడు దగ్గర వాయుసేన విమానాలు 2022 డిసెంబరులో ట్రయల్ చేసిన అత్యవసర రన్‌వే ముక్క చూస్తే కుర్రాళ్ల కాళ్లు ఆగవని తెలుసు. అదే రోడ్డు మీద తెల్లారుజామున చేపల లోడు ఆటోలు, పాలవాళ్లు, కసుమూరు దర్గాకో పెంచలకోన గుడికో పోయే కుటుంబాలు ఉంటాయి. నైట్రస్ వాడదలిస్తే నెల్లూరు నుంచి 200 కిలోమీటర్ల లోపే శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ ఉంది, అక్కడ డ్రాగ్ పోటీలు జరుగుతాయి. నిర్వాహకుల రూల్సు కనుక్కుని, బండిని ట్రక్కు మీద తీసుకెళ్లండి.

అక్కడ మొదటి పరుగు చిన్నదిగా పెట్టుకోండి. నైట్రస్ రెండు మూడు సెకన్లు చాలు. ఫుల్ థ్రాటిల్‌లోనే క్లచ్ తొక్కి ఇంజిన్ ఆపేసి, బండిని దొర్లనిచ్చి పక్కకు తీయండి. ఐడిల్‌లో తిప్పితే ప్లగ్గుల మీది గుర్తులు చెరిగిపోతాయి. నాలుగు ప్లగ్గులూ విప్పి, ఏది ఏ సిలిండర్‌దో వరసలో పేర్చి, భూతద్దంతో తెల్ల పింగాణీని చూడండి. నాలుగింటి రంగూ ఒకేలా ఉండాలి. ఒకదాని మీద మిరియపు పొడి చల్లినట్టు నల్ల చుక్కలో, వెండిలా మెరిసే సన్నటి పూసలో కనిపిస్తే ఆ సిలిండర్‌లో నాకింగ్ మొదలైంది. మెరిసేది పిస్టన్ అల్యూమినియమే. వైడ్‌బ్యాండ్ ఏం చూపించినా సరే, బాటిల్ కట్టేయండి, ఆ రోజుకు ఇక తెరవద్దు. ఫ్యూయల్ జెట్టు ఒక సైజు పెంచి, కొలత సీసా పరీక్ష మళ్లీ మొదటి నుంచి చేయండి.